టీవీలో రాని చెల్లెలు

కొవ్వొత్తుల ఊరేగింపు రోజున టీ కాచింది ఆమే.

ఆమె మా అపార్ట్‌మెంట్లో నాలుగిళ్లలో పని చేస్తుంది. పొద్దున్నే నాచారం నుంచి షేరింగ్ ఆటోలో ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా వచ్చి, అక్కడినుంచి నడిచి ముందు మా ఇంటికి వస్తుంది. తరువాత రెండో అంతస్తులో మూడిళ్లు చూసుకుని ఒంటిగంటకు వెళ్లిపోతుంది. ఆ ఆదివారం మాత్రం సాయంత్రం దాకా ఉండమని అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు అడిగారు. ఎనభై మందికి టీ పెట్టి, కాగితపు గ్లాసుల్లో పోసి, గేటు దగ్గర అందించాలి. ఊరేగింపు నాగోల్ వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్లో చనిపోయిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి కోసం. అంతకు తొమ్మిది రోజుల ముందు, ఒక శుక్రవారం, ఆ అమ్మాయి తన ఫ్లాట్లోనే శవమై కనిపించింది. భర్తను పోలీసులు తీసుకుపోయారు.

టీ కాచే ఆమె సొంత చెల్లెలు కనిపించకుండా పోయి ఆ రోజుకు ఐదు రోజులు. ఆ సంగతి మా అపార్ట్‌మెంట్లో అందరికీ తెలుసు. తెలిసే టీ పెట్టమన్నారు.

నాకు డెబ్బై నాలుగేళ్లు. నాచారం పారిశ్రామిక వాడలో ఇనప బీరువాలు చేసే కంపెనీలో ఇరవై తొమ్మిదేళ్లు అకౌంట్సు రాశాను. లెక్క తేలకుండా ఇంటికి వెళ్లే అలవాటు లేదు. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. నాగోల్ అమ్మాయి పేరు రాష్ట్రమంతా అందరి నోళ్లలో నలిగిపోయింది, నేను కూడా నలపను. మా పనావిడ చెల్లెలి పేరు రాస్తే ఎవరికైనా గుర్తుంటుందన్న నమ్మకం నాకు లేదు. కోపం తగ్గాక రాద్దామని కొన్నాళ్లు ఆగాను. తగ్గలేదు, కాబట్టి ఇలాగే రాస్తున్నాను.

ఆ చెల్లెల్ని నేను ఎరుగుదును. అక్కకు జ్వరమొస్తే బదులుగా వచ్చేది. నలభై రెండేళ్ల మనిషి, నలుపు, పొట్టి, గట్టి చేతులు. నాచారంలోనే మసాలా పొట్లాల కంపెనీలో ప్యాకింగ్ పని. పొట్లం మూతిని వేడి మిషనులో పెట్టి అతికించాలి, చెయ్యి తీయడం ఒక్క క్షణం ఆలస్యమైతే కాలుతుంది. ఆమె కుడి మణికట్టు మీద అలా కాలిన మచ్చ అడ్డంగా, గాజు వేసుకున్నట్టు ఉండేది. ఆమె వచ్చిన రోజున మా వంటిల్లంతా ధనియాల వాసన. నాకు గిన్నెలు శుభ్రంగా లేకపోతే మనసొప్పదు, మళ్లీ తోమమంటాను. ఒకసారి ఇత్తడి గిన్నె మూడోసారి తోమమంటే, దాన్ని ఎత్తి పట్టుకుని చూసుకుని నన్నడిగింది:

"అమ్మా, గీ గిన్నె మీ ముఖం కనవడేదాక తోమాల్నా, నా ముఖం కనవడేదాక తోమాల్నా? నాదైతే జల్ది అయితది. ఇప్పుడు గూడ కనవడుతనే ఉంది, నల్లగ."

నవ్వాపుకోలేక గిన్నె తీసేసుకున్నాను. మొగుడు పదేళ్ల క్రితమే ఇంకో ఆమెతో వెళ్లిపోయాడు. పిల్లలు లేరు. అక్క ఇంట్లోనే ఉండేది. అక్క ఆమెను కూతురిని చూసుకున్నట్టు చూసుకునేది, తల దువ్వి పువ్వులు పెట్టి మరీ పనికి పంపేది.

ఒక మంగళవారం ఆ చెల్లెలు రెండో షిఫ్టుకు వెళ్లింది. తిరిగి రాలేదు.

బుధవారం మా పనావిడ రాలేదు. గురువారం పదకొండింటికి వచ్చి, చెప్పులు విడవకుండా గుమ్మం దగ్గరే నిలబడి విషయం చెప్పింది. కంపెనీకి వెళ్లి అడిగితే, ఆమె మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి, వాణ్ణి అడుగు అన్నారట. కాంట్రాక్టరు ఫోనులోనే, షిఫ్టు అయిపోయాక ఎవరెటు పోతే నాకేమెరుక అన్నాడట.

"పోలీసులకు చెప్పావా?" అని అడిగాను.

"చెప్పినమ్మా. ఇయ్యాల పొద్దుగాల రాసుకున్నరు."

రాసుకున్నారు కదా, వెతుకుతారు అనుకున్నాను. రాసుకున్నదానికి జవాబు చెప్పాల్సిన ఆఫీసులో బతికినదాన్ని, అలాగే అనుకుంటాను.

ఆ నాలుగైదు రోజులూ మా అపార్ట్‌మెంట్లో ఎక్కడ విన్నా నాగోల్ కేసే. లిఫ్టులో అదే, కూరగాయల బండి దగ్గర అదే, మందుల షాపులో బిళ్లలు కత్తిరిస్తూ కుర్రాడు కూడా అదే. ఆ అమ్మాయి ఆఖరిసారి ఏ కాఫీ తెప్పించుకుందో చెప్పారు. వాళ్ల కుక్కపిల్ల అన్నం ముట్టడం లేదని చెప్పారు. ఒక స్టూడియోలో మంచమూ, బల్లా, కుర్చీలూ వేసి, యాంకరు వాటి మధ్య తిరుగుతూ భర్త ఎటునుంచి వచ్చి ఉంటాడో చూపించాడు. ఆ శనివారం నేను పంతానికి గడియారం ఎదురుగా పెట్టుకుని ఒక్క ఛానెల్ చూశాను. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా, మధ్యలో వచ్చిన ప్రకటనలు తీసేస్తే, ఏడు గంటల నలభై నిమిషాలు ఆ అమ్మాయి గురించే. ఆ అమ్మాయి చావు మీద నాకు కోపం ఎందుకుంటుంది? ముప్పై నిండని పిల్ల. ఆ తల్లి మైకుల మధ్య ఏడుస్తుంటే నేనూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. నా కోపం ఆ ఏడు గంటల నలభై నిమిషాల మీద. దాని ముందు కూర్చుని పల్లీలు తిన్నవాళ్ల మీద.

గురువారం సాయంత్రమే రెండో అంతస్తు ఆవిడ కింద సిమెంటు బల్ల మీద నన్ను పట్టుకుంది. మా వైపు కృష్ణా జిల్లా మనిషే. నన్ను పిన్నిగారూ అంటుంది. మా పనావిడ ఈవిడ ఇంట్లోనూ చేస్తుంది.

"పిన్నిగారూ, చూశారా, బల్ల మీద రెండే ప్లేట్లున్నాయిట. అంటే మూడోవాడు రానట్టేగా?"

"మొన్న ఎనిమిదో అంతస్తన్నారు, ఇవాళ తొమ్మిదోదంటున్నారు. ముందు అంతస్తు తేల్చుకోమనండి" అన్నాను.

"అబ్బ, మీకన్నీ లెక్కలేనండీ! ఎంత చక్కటి పిల్ల, పాపం. ఆ కళ్లు చూశారా? బీటెక్ చదివింది. అలాంటి పిల్లకి ఇలా జరుగుతుందని ఎవరనుకుంటారు?"

"ఎలాంటి పిల్లకి జరుగుతుందని అనుకుంటాం?"

ఆవిడ నా వంక చూసింది. చెవుడేమో ఈవిడకి అన్నట్టు చూసింది.

"మన పనావిడ చెల్లెలు రెండు రోజులుగా ఇంటికి రాలేదు, తెలుసా?" అన్నాను.

"విన్నానండీ. మొగుడు లేడుగా దానికి. ఎవడితోనో వెళ్లి ఉంటుంది. నాలుగు రోజులు పోతే తనే వస్తుంది, మీరేం కంగారు పడకండి."

నాగోల్ అమ్మాయి గురించి ఈవిడ దగ్గర రోజుకో ఊహ ఉంది. భర్త, భర్త తమ్ముడు, ఆఫీసులో స్నేహితుడు, అప్పులు, ఇన్సూరెన్సు. అన్నిటికీ సాక్ష్యాలు చూపిస్తుంది. ఈ చెల్లెలి గురించి ఒకే ఊహ, అది కూడా ఊపిరి తీసుకోకుండా వచ్చేసింది.

ఇక ఆదివారం. ఊరేగింపు మా గేటు దగ్గర మొదలై రింగ్ రోడ్డు దాకా వెళ్లి వెనక్కి రావాలి. మోకాళ్ల నొప్పులతో నేను నడవలేను. గేటు లోపల కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నారు, ఫోటోలు దిగారు, కొవ్వొత్తి చేతికి కారకుండా కింద కాగితపు గ్లాసు ఎలా తొడగాలో ఒకరికొకరు నేర్పించుకున్నారు. రెండు ఛానెళ్ల వాళ్లు వచ్చారు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ, సిమెంటు వ్యాపారం చేసే ఆయన, మైకు ముందు "మా ఆడబిడ్డకు న్యాయం కావాలె" అని గట్టిగా అన్నాడు.

మా పనావిడ టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని అందరి మధ్యా తిరుగుతోంది. పళ్లెం ఖాళీ అయ్యాక దాన్ని చంకలో పెట్టుకుని, జాకెట్లోంచి ఒక ఫోటో తీసి, కెమెరా పట్టుకున్న అబ్బాయి దగ్గరికి వెళ్లింది. నాకు మాటలు వినపడేంత దగ్గర.

"అన్న, జర గీ ఫోటో గూడ సూపియ్యరాదే. మా చెల్లె. మంగళారం సంది కనిపిస్తలేదు."

ఆ అబ్బాయి కంటి నుంచి కెమెరా తీయలేదు.

"జర పక్కకు జరుగమ్మ. నువ్వు ఫ్రేముల వస్తున్నవు."

"గంతే అన్న, ఒక్క నిమిషం..."

"అరె, జరుగమంటున్న గదా! అన్నా, ఈ చాయ్ అమ్మని జర పిలువున్రి."

సెక్రటరీ చేయూపాడు. ఆమె పక్కకు జరిగింది. ఫోటో లోపల పెట్టుకుని మళ్లీ కెటిల్ దగ్గరికి వెళ్లి టీ పోసింది. అప్పుడు తెలిసింది నాకు, ఆదివారం పూట ఇల్లొదిలి ఆమె ఈ టీకి ఎందుకు ఒప్పుకుందో. టీవీ వాళ్లు వస్తున్నారని ఎవరో చెప్పారు.

ఊరేగింపు వెళ్లిపోయాక దగ్గరికి పిలిచాను. ఏడవలేదు ఆమె. నన్ను ఓదారుస్తున్నట్టే మాట్లాడింది.

"ఆళ్లకు గూడ పనుంటది గదమ్మా."

"రేపు పొద్దున నేనూ స్టేషనుకు వస్తాను" అన్నాను.

"ఎందుకమ్మా మీకు తకలీఫు? రాసుకున్నరు గద."

"రాసుకుని ఏం చేశారో అడుగుదాం."

ఆమె ముఖంలో ఏదో మారింది. వద్దు వద్దని రెండుసార్లు అంది. నా మోకాళ్ల గురించి అంటోందనుకున్నాను.

సోమవారం పొద్దున ఆటోలో నాచారం వెళ్లాం. స్టేషన్లో దాదాపు ఎవరూ లేరు. నాగోల్ అమ్మాయి భర్తను కోర్టుకు తెస్తున్నారట, జనం మీద పడకుండా చుట్టుపక్కల స్టేషన్ల వాళ్లందరినీ అక్కడికి పంపారట. ఉన్నది ఒక మహిళా కానిస్టేబులు. వయసు పిల్ల, నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ పిల్ల మీద నాకు కోపం లేదని ఇక్కడే రాస్తున్నాను. ఆ వారమంతా మాతో మనిషిలా మాట్లాడింది ఆమె ఒక్కతే.

కంప్యూటరు తెరిచి చూసి చెప్పింది: "అన్ని స్టేషన్లకూ పంపినమమ్మ. అట్ల ఎవరూ దొరకలే. తెల్లగా, సన్నగా, ముప్పై ఏండ్లు, డిగ్రీ చదివింది, ఆఫీసు పని, మెడల రెండు తులాల గొలుసు. గీ పోలికల మనిషి ఏడ గూడ లేదు."

"ఎవరి సంగతి చెబుతున్నావమ్మా నువ్వు?" అన్నాను.

"ఈమె చెల్లెదే గదా. ఫోటో గూడ ఈమెనే ఇచ్చింది."

స్క్రీను నా వైపు తిప్పింది. నాచారంలో ఏదో స్టూడియోలో తీసిన ఫోటో. వెనకాల పూల తోట. ఆ స్టూడియోవాళ్లు అడగకపోయినా ముఖానికి సున్నం కొట్టినట్టు తెలుపు చేసి ఇస్తారు, మా కంపెనీలో పనిచేసిన ఆడపిల్లల ఫోటోలు ఎన్ని చూశానో. కళ్లు మాత్రం ఆ చెల్లెలివే. మిగతా మనిషిని నేను ఎరగను.

పనావిడ వైపు తిరిగాను. ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఇలా ఎందుకు చెప్పావు?"

ఆమె స్క్రీను వైపు చూసింది.

"ఎందుకు చెప్పావే? నలభై రెండేళ్లు కదా దానికి?"

"ముందుగాల నిజమే జెప్పినమ్మా" అంది. గొంతు లేచింది. "బేస్తారం కాదు, బుధారం పొద్దుగాలనే వచ్చిన. నల్లగుంటది, నలభై రెండేండ్లు, కంపెనీల పొట్లాలు అతుకుతది, మొగుడు ఇడిసిపెట్టిండు అని ఉన్నదున్నట్టు జెప్పిన. గీడ కూసున్నాయన నవ్విండు. ఎవనితోనన్న పోయుంటది, రెండు దినాలు సూడు, ఆమెనే వస్తది, పో అన్నడు. కాయితం గూడ తియ్యలే."

కానిస్టేబులు తల వంచుకుంది.

"ఇంటికి పోయి టీవీ వెట్టిన. ఆ నాగోల్ పిల్లనే వస్తున్నది. ఎంత ముద్దుగుంది, ఎంత సదువుకుంది, అందరు ఉరుకుతున్నరు. నా చెల్లెకెవరురుకుతరు? అందుకే తెల్లారి మళ్లొచ్చి గిట్ల జెప్పిన. తెల్లగుంటది, సదువుకుంది, బంగారముంది అన్న. అప్పుడు రాసుకున్నరమ్మా! కుర్చీల కూసోమన్నరు. నీళ్లిచ్చిన్రు!"

ఆ చివరి మాట ఆమె ఎలా అందో నేను రాయలేను. వాళ్లు నీళ్లిచ్చారు.

నిజం చెప్పినప్పుడు కాగితం తీయలేదు. అబద్ధం చెప్పినప్పుడు తీశారు. ఆ అబద్ధాన్ని నగరంలో అన్ని స్టేషన్లకూ పంపారు, నాలుగు రోజులు లేని మనిషిని వెతికారు. ఈమెను ఎవరైనా తప్పుపడితే నేనూరుకోను. ఏం చెబితే పని జరుగుతుందో ఈమెకు నేర్పింది మనం. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా నేర్పాం.

"ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాను. "నేనున్నాను."

చెప్పింది. నలుపు అంది. పొట్టి అంది. ప్యాకింగ్ లేబర్ అంది. మెడలో నల్లపూసలు గూడ లేవు, పసుపుతాడు తెంపేసుకుంది అంది. కుడి చేతి మచ్చ గురించి నేను చెప్పబోతే, తనే చెయ్యి చాపి ఎక్కడ, ఎంత మేర ఉందో తన చేతి మీద గీసి చూపించింది. కానిస్టేబులు రాస్తూ రాస్తూ మచ్చ దగ్గర ఆగిపోయింది. ఫోను తీసి ఏదో వెతికింది. చాలాసేపు వెతికింది. తరువాత నా వైపు చూసి, ఆమె వైపు చూడకుండా అడిగింది:

"అమ్మ, మీరు చూస్తరా ముందు?"

"నేనే సూస్త" అంది అక్క.

చెంగిచెర్ల అవతల, ప్లాట్లు చేసి వదిలేసిన నేలలో, పొదల పక్కన బుధవారం పొద్దున దొరికిన శవం. అక్కడి స్టేషను వేరు. వాళ్లు గురువారమే అందరికీ పంపారు: గుర్తు తెలియని మహిళ, సుమారు నలభై ఐదు, నల్లని ఛాయ, కూలి మనిషిలా ఉంది, కుడి మణికట్టుపై కాలిన మచ్చ, మెడపై గాయాలు. ఈ స్టేషన్లో అది చూశారు. చూసి, మన దగ్గర తప్పిపోయిన పిల్ల తెల్లగా, చదువుకున్నది కదా, ఇది కాదనుకున్నారు.

ఆమె ఆ ఫోను పట్టుకుని చూసింది. అరవలేదు. మచ్చ ఉన్నచోట వేలు పెట్టి అలాగే ఉంచింది. ఫోను తెర ఆరిపోతే కానిస్టేబులు మళ్లీ వెలిగించింది.

శవం నగరంలో పెద్ద దవాఖానా మార్చురీలో ఉంది. ఎవరూ రాకపోతే మర్నాడు మున్సిపాలిటీకి అప్పగించే వరసలో ఉందట. ఆ కానిస్టేబులే మూడు చోట్లకు ఫోన్లు చేసి ఆపించింది. ఒక్క రోజు ఆగి మేము వెళ్లుంటే, ఊరూ పేరూ లేని శవాల్లో కలిపేసేవాళ్లు. అప్పుడు ఈ అక్క తను బతికున్నన్నాళ్లూ గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయేది. రెండో అంతస్తు ఆవిడ ఇంకా నాలుగు రోజులు పోతే తనే వస్తుందని చెబుతూనే ఉండేది.

మార్చురీలో నేను లోపలికి వెళ్లలేదు, ఈమె పోనివ్వలేదు. బయటికొచ్చి, తలుపు పక్కన నేల మీద కూర్చుని, "తల దువ్వలే ఎవ్వరు" అంది. అంతే. మరునాడు నాచారంలో అంత్యక్రియలు జరిగాయి. కంపెనీ నుంచి ప్యాకింగ్ ఆడవాళ్లు ఒక పన్నెండు మంది వచ్చారు, భోజనం విరామంలో వచ్చి విరామం అయ్యేలోపు వెళ్లిపోయారు. కాంట్రాక్టరు రాలేదు.

ఇంటికొచ్చి పాత పేపర్ల దొంతరలో గురువారం పేపరు తీశాను. జిల్లా పేజీలో, అడుగున, ట్యూషన్ల ప్రకటన పక్కన నాలుగు లైన్లు. చెంగిచెర్ల వద్ద మహిళ మృతదేహం. అదే రోజు మొదటి పేజీలో నాగోల్ అమ్మాయి పెళ్లి ఫోటో, మూడు కాలమ్‌ల వెడల్పున. శవం ఎవరిదో తెలిశాక ఆ నాలుగు లైన్లు కూడా రాలేదు. ఒక విలేఖరి నంబరు సంపాదించి నేనే ఫోను చేశాను. మర్యాదగానే మాట్లాడాడు.

"మేడమ్, నాగోల్ కేసుతో ఏమైనా లింకుందా? అదే గ్యాంగ్, అదే ఆటో, అట్ల ఏదైనా? ఉంటే చెప్పండి, ఇయ్యాలే వేస్తం."

"ఇద్దరూ ఆడవాళ్లు. ఇద్దర్నీ చంపారు" అన్నాను.

"అది లింకు గాదు మేడమ్."

ఆ వారంలోనే సెక్రటరీ సంతకాలకు వచ్చాడు. నాగోల్ కేసు త్వరగా విచారించాలని పెద్ద అధికారులకు దరఖాస్తు. అందులో ఈ చెల్లెలి కేసు కూడా ఒక వాక్యంగా చేర్చమన్నాను. ఆయన చెవి గోక్కున్నాడు.

"మీరన్నది కరెక్టే మేడమ్, నేను కాదంటలే. గానీ రెండు కలిపితే మన దాని వజన్ తగ్గుతది. గిదొకటి అయినంక గది సూద్దాం."

"ఆమె మీ ఊరేగింపుకు టీ పోసింది."

"పైసలిచ్చినం గద మేడమ్!"

సంతకం పెట్టలేదు. పెట్టనందుకు నాకేదో బుద్ధి మారిందని అనుకుంటున్నారట. అనుకోనివ్వండి.

పన్నెండో రోజు అయ్యాక ఆమె పనికి వచ్చింది. మా ఇల్లయ్యాక రెండో అంతస్తుకు వెళ్లింది. కాసేపటికి ఆ అంతస్తు తలుపులన్నీ తెరుచుకున్నాయి. అప్పటిదాకా ఈమెతో చీపురు గురించీ సబ్బు గురించీ తప్ప మాట్లాడనివాళ్లు చుట్టూ చేరారు. నేను మెట్లు దిగి వచ్చేసరికి, నన్ను పిన్నిగారూ అనే ఆవిడ అడుగుతోంది:

"అదికాదే, మెడ పట్టుకున్నారన్నావుగా. అంతకు ముందు ఇంకేమైనా చేశారా? డాక్టర్లు ఏం రాశారు? మాతో చెబితే ఏమవుతుందే, మేం మాత్రం పరాయివాళ్లమా?"

ఈమె తడిగుడ్డ పిండి బకెట్టు అంచున వేసింది.

"టీవీల రాలేదామ్మా?"

"లేదు, రాలేదు. అందుకే నిన్నడుగుతున్నాం."

"టీవీల రాలేదంటే ఏం గాలేదమ్మా. నా చెల్లె ఎవనితోనో పోయింది. మీరే జెప్పిన్రు గద."

బకెట్టు అక్కడే వదిలేసి మెట్లెక్కి మా ఇంటికి వచ్చేసింది. ఆ మూడిళ్లూ ఆ రోజే మానేసింది. ఇప్పుడు మల్కాజిగిరిలో రెండిళ్లు పట్టుకుంది, రెండు ఆటోలు మారి వెళుతుంది. ఆవిడ నన్ను కదిలించడం మానేసింది, నాకు హాయిగా ఉంది.

కేసు చెంగిచెర్ల వైపు స్టేషన్లో ఉంది. ఎవర్నీ పట్టుకోలేదు. పోయిన సోమవారం ఇద్దరం వెళ్లాం. అక్కడి ఎస్సై నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు, ఎదుటి కుర్చీ చూపించాడు. ఆమె నిలబడే ఉంది. ఆయన నాతోనే మొదలుపెట్టాడు.

"చూడండమ్మ, ఆ రోడ్డు మీద కెమెరాలు లేవు. కంపెనీ ఆటోల వాళ్లందరినీ అడిగినం. మీకు తెల్వనిదేముంది, పైనుంచి గానీ ప్రెస్సు నుంచి గానీ ఒత్తిడి ఉంటే టీమ్ వేస్తరు. దీనికి అట్లాంటిది ఏం లేదు. ఉన్న మాట చెప్తున్న."

ఆయన అబద్ధం చెప్పలేదు. దాచడానికి కూడా అదేమీ సిగ్గుపడే సంగతిగా ఆయనకు తోచలేదు.

"ఈ కేసు నాది కాదు. ఆమెతో మాట్లాడండి" అని కుర్చీలోంచి లేచాను. ఆమెను రెక్క పట్టుకుని కూర్చోబెట్టాను. ఎస్సై ఇబ్బందిగా కదిలాడు.

"చెప్పమ్మ" అన్నాడు.

ఆమె కొంగు సర్దుకుంది.

"ఆమె తల్లి నేనే సార్, అక్కనైనా గూడ. నల్లగుంటది. మసాలా కంపెనీల ప్యాకింగ్ జేసేది. మొగుడు లేడు, బంగారం లేదు. ఎవడు జంపిండు సార్?"

"కనుక్కుంటున్నం గదమ్మ."

"ఎవడు జంపిండు?"

ఆయన ఫైలు తెరిచి మూసి, ఫోను చూసి, బయట ఎవరినో కేకేశాడు. మధ్యాహ్నం ఆమెకు మల్కాజిగిరిలో రెండిళ్ల పని ఉంది, ఆటోకు వేళవుతోంది. నేను తలుపు దగ్గర నిలబడి సైగ చేశాను. ఆమె నా వైపు చూడలేదు. ఎస్సై ముఖంలోకే చూస్తూ, బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని, అలాగే కూర్చుంది.